వ్యాంపైర్ సిరీస్‌లో ఓపిక ఎక్కడ తెగుతుంది

1994లో వచ్చిన 'ది లాఫింగ్ కార్ప్స్' నవల ఒక బేరంతో మొదలవుతుంది. హెరాల్డ్ గేనర్ అనే కోటీశ్వరుడు అనీటా బ్లేక్‌ను పిలిపించి, దాదాపు మూడు వందల ఏళ్ల కిందట చనిపోయిన మనిషిని సమాధిలోంచి లేపమంటాడు. పది లక్షల డాలర్లు ఇస్తానంటాడు. చనిపోయినవాళ్లను లేపడం అనీటా ఉద్యోగమే. ఈమధ్యే పోయినవాళ్లకైతే కోడి రక్తం సరిపోతుంది. శవం పాతబడేకొద్దీ మేకలు కావాలి. మూడు వందల ఏళ్ల శవానికి మేక కూడా చాలదు, మనిషిని బలి ఇవ్వాలి. ఆ వృత్తిలో ఉన్నవాళ్లు దాన్ని 'తెల్ల మేక' అంటారు. అనీటా కుదరదని చెప్పేసి లేచి వచ్చేస్తుంది.

ఆ ప్రపంచం ఎలా నడుస్తుందో చెప్పడానికి ఈ ఒక్క సన్నివేశం చాలు. ప్రతి శక్తికీ ఒక వెల ఉంది. ఆ వెలకు ఒక హద్దు ఉంది. ఎంత డబ్బు చూపించినా ఆ హద్దు దాటనని చెప్పే మనిషి ఉంది. లారెల్ కె. హామిల్టన్ 1993లో 'గిల్టీ ప్లెజర్స్'తో ఈ అనీటా బ్లేక్ సిరీస్ మొదలుపెట్టారు. 2023 నాటికి అది 30 పుస్తకాలకు చేరింది. ఇందులో అమెరికాలో వ్యాంపైర్లకు చట్టప్రకారం హక్కులు ఉంటాయి. కథ జరిగేది సెయింట్ లూయిస్‌లో. మనుషులను చంపిన వ్యాంపైర్లను వారెంట్ మీద వేటాడే లైసెన్స్ అనీటాది. ఆ తర్వాత వచ్చిన అర్బన్ ఫాంటసీలో, అంటే నేటి నగరాల్లో జరిగే మాయా కథల్లో, తుపాకీ పట్టిన హీరోయిన్, పోలీసు కేసు, ఊరిని ఏలే వ్యాంపైర్ అనే కూర్పు ఇంతగా పాతుకుపోవడానికి ఈ తొలి పుస్తకాలు పెద్ద కారణం. వాటిని ప్రాణంగా చదివినవాళ్లలోనే చాలామంది సిరీస్‌ను మధ్యలో వదిలేశారు.

ఎందుకు వదిలేశారంటే ముందు వచ్చే జవాబు 'సాగదీశారు' అని. ఆ జవాబు సరిపోదు. ఒకే డిటెక్టివ్ మీద ముప్పై నలభై నవలలు వచ్చినా విసుగు లేకుండా చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. హత్య ఎవరు చేశారో చివరికి తెలుస్తుంది, పుస్తకం పక్కన పెట్టి హాయిగా నిద్రపోవచ్చు. ఇలాంటి చిన్న చిన్న ముగింపులు అందుతున్నంత కాలం ఎంత పెద్ద సిరీస్ అయినా బరువనిపించదు. లెక్కకు ఎన్ని పుస్తకాలైనా ఫర్వాలేదు. పుస్తకం ముగియడం మానేసిన రోజు ఓపిక తెగుతుంది.

ఈ రకం సిరీస్‌లో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి ఆ పుస్తకంలోని కేసు. శవం దొరుకుతుంది, పోలీసులు ఫోన్ చేస్తారు, హీరోయిన్ బయల్దేరుతుంది. రెండోది ఆమె బతుకు. ఎవరిని ప్రేమిస్తోంది, ఎవరిని నమ్ముతోంది, తాను కూడా రాక్షసిగా మారిపోతున్నానా అన్న భయం. కేసు ప్రతి పుస్తకంలోనూ ముగియాలి, బతుకు కథ ముగియకూడదు. మొదట్లో ఈ రెండూ ఒకదానికొకటి ఆసరా. అనీటా శవాల మధ్య నిలబడి ఆధారాలు వెతుకుతుంటే, వ్యాంపైర్ ప్రేమికుడు జాన్-క్లాడ్‌ను నమ్మాలా వద్దా అన్న ప్రశ్నకు బరువు వచ్చేది. ఎందుకంటే అలాంటివాడే ఈ పని చేసి ఉండొచ్చు.

పుస్తకాలు పెరిగేకొద్దీ రెండో కథ మొదటిదాన్ని తినేస్తుంది. ఇందులో రచయిత సోమరితనం ఏమీ లేదు, లెక్కే అలా ఉంటుంది. ప్రతి పుస్తకంలో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు వస్తారు. వాళ్లలో ఒకరు పాఠకులకు నచ్చుతారు, వెళ్లిపోరు. పది పుస్తకాలు గడిచేసరికి ఇంటి నిండా మనుషులు. ఒక్కొక్కరినీ పలకరించాలి, ఒక్కొక్కరి అలక తీర్చాలి, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో గుర్తు చేయాలి. ఒక అధ్యాయం పూర్తిగా ఒక గదిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి జుట్టు ఏ రంగు, ఎవరు ఏ బట్టలు వేసుకున్నారు అన్నదానికే సరిపోతుంది. శవం మాత్రం మొదటి అధ్యాయంలో పడి ఉన్నచోటే ఉంటుంది. పాఠకుడు పేజీలు తిప్పుతూ, పోలీసులు మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారా అని చూస్తుంటాడు. ఫోన్ వచ్చేసరికి పుస్తకంలో నలభై పేజీలే మిగిలి ఉంటాయి. కేసు ఆ నలభై పేజీల్లో హడావిడిగా తేలిపోతుంది. ఓపిక సన్నగిల్లడాన్ని దగ్గర నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. కోపం ఇంకా రాదు, కానీ చేతివేళ్లు కళ్లకంటే ముందు పరిగెత్తడం మొదలుపెడతాయి.

అనీటా బ్లేక్ విషయంలో చాలామంది గీత గీసేది 2001లో వచ్చిన పదో పుస్తకం 'నార్సిసస్ ఇన్ చెయిన్స్' దగ్గర. జాన్-క్లాడ్‌తో ఉన్న బంధం వల్ల అనీటాకు 'ఆర్దూర్' అనే కొత్త ఆకలి పట్టుకుంటుంది. అన్నం తింటే తీరేది కాదు, శృంగారంతోనే తీరాలి. ఆకలి తీర్చకపోతే ఆమెకూ, ఆమెతో ముడిపడినవాళ్లకూ ప్రమాదం. అక్కడి నుంచి సిరీస్ నడక మారిపోయింది. దీని మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం 'శృంగారం ఎక్కువైంది' అన్నచోటే ఆగిపోతుంది. అది సరైన రోగనిర్ధారణ కాదు. శృంగారం నిండుగా ఉన్న నవలలను ఆ పాఠకులే ఇష్టంగా చదువుతారు. అసలు దెబ్బ వెల అన్న ఆలోచనకు తగిలింది.

తెల్ల మేక దగ్గర అనీటాకు కాదనే హక్కు ఉంది. కాదంటే పోయేది డబ్బు, ఔనంటే పోయేది తన మనిషితనం. ఎంపిక ఆమెది కాబట్టే ఆమె ఎవరో పాఠకుడికి తెలిసింది. ఆర్దూర్‌కు కాదనడం కుదరదు. కాదంటే చావు. కాబట్టి ఆమె ఏం చేసినా తప్పని పరిస్థితిలో చేసినట్టే లెక్క. పైగా ఆకలి తీరిన ప్రతిసారీ ఆమె బలం పెరుగుతుంది, ఆమె చుట్టూ ఉన్నవాళ్ల బలం కూడా పెరుగుతుంది. చెల్లించాల్సిన వెలే బహుమతిగా మారిపోయింది. చిరుతలుగా మారే మనుషుల నాయకత్వం ఆమెదే. తర్వాతి పుస్తకాల్లో తోడేలు, చిరుత, సింహం, పులి రకాలన్నీ ఆమె ఒంట్లో చేరాయి, అయినా ఆమె మృగంగా మారదు. కొత్త ప్రమాదం వస్తే కొత్త శక్తి, కొత్త శక్తితో పాటు కొత్త బంధం. ఈ చక్రం రెండు మూడుసార్లు తిరిగాక టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె ఓడిపోదని తెలియడం సమస్య కాదు. హీరోయిన్ బతుకుతుందని ఏ సిరీస్‌లోనైనా తెలుసు. గెలిచాక ఆమె దగ్గర ఏదీ తగ్గదని తెలిసిపోవడమే సమస్య.

శత్రువుల వైపు కూడా ఇదే ఇబ్బంది, వ్యాంపైర్ కథల్లో ఇది మరీ ఎక్కువ. వ్యాంపైర్ బలాన్ని కొలిచేది వయసుతో. 'గిల్టీ ప్లెజర్స్'లో శత్రువు నికోలావోస్, చిన్న పిల్ల శరీరంలో ఉన్న వెయ్యేళ్ల వ్యాంపైర్. మొదటి పుస్తకంలోనే వెయ్యేళ్లు ఖర్చయిపోయాయి. తర్వాత వచ్చేవాళ్లు ఇంకా పాతవాళ్లు కావాలి. అలా వెనక్కి వెళ్లి వెళ్లి సిరీస్ చివరికి వ్యాంపైర్లందరికీ మూలమైన 'చీకటి తల్లి' దాకా చేరింది. 2011లో వచ్చిన 'హిట్ లిస్ట్'లో ఆమె కూడా పోయింది. మూలాన్నే చంపేశాక ఇంకెవరిని తేవాలి? అక్కడితో కథ ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు, ఆ తర్వాత మరో పన్నెండేళ్లు పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. పూర్వపు రాక్షసుడికంటే చిన్న రాక్షసుడు ఎదురైతే భయం వేయదు, పెద్ద రాక్షసుడు ఇక మిగల్లేదు.

అర్బన్ ఫాంటసీ అన్న పేరులోనే నగరం ఉంది. ఆ నగరమే భయానికి కొలబద్ద. అద్దె కట్టాలి, కారు బాగు చేయించాలి, బాస్‌కు జవాబు చెప్పాలి, వీటి మధ్యలో రక్తం తాగేవాడు తలుపు కొట్టాలి. మామూలు బతుకు ఎంత గట్టిగా కనిపిస్తే మామూలు కానిది అంత నిజమనిపిస్తుంది. ఈ సంగతి బాగా పట్టుకున్న రచయిత్రి చార్లైన్ హ్యారిస్. 2001లో 'డెడ్ అన్‌టిల్ డార్క్'తో మొదలైన ఆమె సిరీస్ నగరంలో కాకుండా లూసియానాలో బాన్ టాం అనే చిన్న ఊరిలో జరుగుతుంది, అయినా సూత్రం అదే. సూకీ స్టాక్‌హౌస్ బార్‌లో వెయిట్రెస్. ఎదుటివాళ్ల మనసులోని మాటలు ఆమెకు వినిపిస్తాయి. ఆమెకు అసలు చింత డబ్బు. ఇంటి పన్ను, కరెంటు బిల్లు, గుంతలు పడిన ఇంటి దారి. ఎరిక్ అనే వెయ్యేళ్ల వ్యాంపైర్ ఒక దశలో ఆమె మీద ఇష్టం చూపించే పద్ధతి ఆ దారికి కంకర పోయించడం. నగలు కాదు, పూలు కాదు, కంకర. అంత ప్రాచీనమైనవాడు ఈమె బతుకులో ఏ గుంత ఎక్కడుందో చూశాడన్నమాట. ఇలాంటి ఒక్క వివరం పది యుద్ధాలకంటే ఎక్కువ పని చేస్తుంది.

సిరీస్ ముదిరేకొద్దీ మొదట జారిపోయేది ఇదే. హీరోయిన్‌కు డబ్బు చింత పోతుంది, ఉద్యోగం పేరుకే మిగులుతుంది, పోలీసు స్నేహితులు దూరమవుతారు. అనీటా కథలో మొదట్లో గట్టిగా నిలబడిన పోలీసు అధికారి డాల్ఫ్ స్టోర్ మామూలు ప్రపంచం తరఫున మాట్లాడే గొంతు. ఆ గొంతు బలహీనపడ్డాక ఆమెను ప్రశ్నించేవాళ్లు తగ్గారు, ప్రశ్నించినవాళ్లు అసూయపరులుగానో సంకుచితులుగానో కనిపించసాగారు. అందరూ రాక్షసులే ఉన్న గదిలో రాక్షసుడు ఎవరికీ వింత కాదు. సెయింట్ లూయిస్ అన్న పేరు పేజీల మీద ఉంటుంది, ఊరు మాత్రం ఉండదు.

సాగదీత ఈ కాలపు రోగమేమీ కాదు. వ్యాంపైర్ కథ పుట్టి పెరిగిందే సీరియల్‌గా. 1845 నుంచి 1847 వరకు ఇంగ్లండ్‌లో పెన్నీ ధరకు వారం వారం వచ్చిన 'వార్నీ ద వ్యాంపైర్' ఆరు లక్షల పదాలు దాటింది. డ్రాక్యులా రావడానికి ఇంకా యాభై ఏళ్లుంది. వార్నీ చస్తాడు, వెన్నెల పడితే మళ్లీ లేస్తాడు. ఇలా ఎన్నోసార్లు. అతను ఎప్పుడు, ఎలా వ్యాంపైర్ అయ్యాడన్నదాని మీద కథ తన మాట తానే మారుస్తుంది. చివరికి అతనే విసిగిపోయి వెసూవియస్ అగ్నిపర్వతంలోకి దూకేస్తాడు, వెన్నెల ఇక తగలకుండా. వారం వారం అమ్ముడవ్వాల్సిన కథకు చావులేని నాయకుడు ఎంత అనువుగా ఉంటాడో, ఎంత గుదిబండ అవుతాడో ఆ పుస్తకం అప్పుడే చూపించేసింది. మనిషి పాత్రకు వయసు ముగింపు తెచ్చిపెడుతుంది. వ్యాంపైర్‌కు ఆ సాయం లేదు, ముగింపును రచయితే పనిగట్టుకుని తేవాలి.

కొన్నిసార్లు ఆ నిర్ణయం రచయిత చేతిలో కూడా ఉండదు. ఎల్.జె. స్మిత్ 1991లో మొదలుపెట్టిన 'ద వ్యాంపైర్ డైరీస్' పుస్తకాల హక్కులు ఆమెవి కావు, రాయించుకున్న సంస్థవి. 2009లో ఆమె కొత్త పుస్తకంతో తిరిగొచ్చారు, అదే ఏడాది వచ్చిన టీవీ సిరీస్ కూడా హిట్టయింది. 2011లో ఆమెను తప్పించి వేరేవాళ్ల చేత రాయించారు. తర్వాత ఆమె అవే పాత్రలతో అభిమానులు కథలు రాసుకునే అమెజాన్ వేదిక మీద తన కథ ప్రచురించుకోవాల్సి వచ్చింది. తాను పుట్టించిన మనుషుల దగ్గరికి ఒక రచయిత అభిమానులు వచ్చే దారిలో రావలసి రావడం బాధ కలిగించే విషయం. సిరీస్ ఎప్పుడు ఆగాలన్నది కథ నిర్ణయిస్తుందనుకునే పాఠకుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

మరి ముగిస్తే మర్యాద దక్కుతుందా అంటే, అదీ తేలిక కాదు. హ్యారిస్ 2013లో 13వ పుస్తకంతో సూకీ కథ ముగించారు. ముగింపు విడుదలకు ముందే బయటపడింది. ఎరిక్‌తోనో, తొలి ప్రేమికుడైన వ్యాంపైర్ బిల్‌తోనో ఉండాల్సిన సూకీ బార్ యజమాని సామ్ వైపు మొగ్గడం చూసి చాలామంది అభిమానులు తీవ్రంగా కోప్పడ్డారు. అయినా ఆ ముగింపు కథకు న్యాయం చేసింది. మొదటి పుస్తకం నుంచి సూకీ కోరుకుంది తన ఇల్లు, తన ఎండ, తన పని. పగలు బయటికి రాలేనివాడితో ఆమె బతుకు గడవదన్నది మొదటి నుంచీ ఉన్న నిజమే. కోప్పడినవాళ్లను తప్పుపట్టలేం, పన్నెండేళ్లు ఎదురుచూశారు. కానీ ఆ ఎదురుచూపే ఒక ముగింపును మనసులో రాసేసుకుంది, రచయిత దానితో పోటీ పడాల్సి వచ్చింది. సిరీస్ ఎంత పొడుగైతే ఈ పోటీ అంత కష్టమవుతుంది.

కిమ్ హ్యారిసన్ దారి ఇంకొకటి. 2004లో మొదలైన, మంత్రగత్తెలూ వ్యాంపైర్లూ ఉండే హాలోస్ సిరీస్‌ను ఆమె 2014లో 13వ పుస్తకంతో ముగించారు. చివర్లో చాలా ఏళ్లు ముందుకు దూకి, ఎవరి బతుకు ఎలా తేలిందో చూపించారు. 2020లో మళ్లీ తిరిగొచ్చి ఆ మధ్య ఏళ్లలోకి కొత్త కథలు పెట్టారు. పాత స్నేహితులు మళ్లీ కనిపించడం సంతోషమే. చివర తెలిసిపోయిన దారిలో నడవడం మాత్రం వేరే రకం చదువు. భయం తగ్గుతుంది, మమకారమే నడిపిస్తుంది.

పోగుపడిన సామాను నిజంగా ఖర్చు పెట్టిన రచయిత జిమ్ బుచర్. 2000లో మొదలైన డ్రెస్డెన్ ఫైల్స్ వ్యాంపైర్ల సిరీస్ అని చెప్పలేం, హ్యారీ డ్రెస్డెన్ చికాగోలో పనిచేసే మాంత్రికుడు. కానీ మూడో పుస్తకం నుంచి అతని బతుకంతా రెడ్ కోర్ట్ వ్యాంపైర్లతో యుద్ధం. 2010లో వచ్చిన 12వ పుస్తకం 'చేంజెస్'లో అతని ఆఫీసు పోతుంది, ఇల్లు కాలిపోతుంది, పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు నుజ్జవుతుంది. ఆ శత్రువర్గం మొత్తం ఒక్క రాత్రిలో అంతమవుతుంది, అందుకు అతను తాను ప్రేమించిన సూసన్‌ను తన చేత్తోనే చంపాల్సి వస్తుంది. పాఠకుడు పదేళ్లుగా చూసిన గది, కారు, శత్రువు, ప్రేమ, అన్నీ ఒకే పుస్తకంలో పోయాయి. తెల్ల మేక దగ్గర ఉన్న లెక్కే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది: శక్తి కావాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి, ఇచ్చింది తిరిగిరాదు. అందుకే 2014 తర్వాత కొత్త నవల లేకుండా ఆరేళ్లు గడిచినా, 2020లో రెండు నవలలు వచ్చేసరికి పాఠకులు ఇంకా కాచుకునే ఉన్నారు. పుస్తకాల మధ్య ఖాళీని పాఠకుడు భరిస్తాడు. పుస్తకం లోపలి ఖాళీని భరించడం కష్టం.

అయినా విసిగిపోయినవాళ్లు వెంటనే వదిలేయరు. రెండు మూడు పుస్తకాలు, కొందరైతే ఐదారు, మనసు విరిగాక కూడా చదువుతారు. ఇన్నేళ్లు పెట్టిన సమయం వృథా కాకూడదన్న పట్టుదల ఒక కారణం. ఇంకో కారణం ఇంకా మెత్తనిది: ఒకప్పటి అనీటా మళ్లీ కనిపిస్తుందేమో, ఒక్క అధ్యాయమైనా కాదనగలిగిన ఆ మనిషి తిరిగొస్తుందేమో అన్న ఆశ. ఆమె అప్పుడప్పుడు తిరిగొస్తుంది కూడా, అందుకే వదలడం కష్టం. కొనసాగుతున్నవాళ్లను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. వాళ్లకు కావలసింది ఆ పెద్ద ఇల్లు, ఆ మనుషుల మధ్య ఇంకో సాయంత్రం. సిరీస్ వాళ్లకు అది నిజాయితీగానే ఇస్తోంది. కేసు కోసం వచ్చినవాళ్లకు మాత్రం ఆ ఇంట్లో కుర్చీ లేదు.

ఈ సిరీస్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పాత పాఠకులు తరచూ ఇచ్చే సలహా తొమ్మిదో పుస్తకం దగ్గర ఆగమని. 2000లో వచ్చిన 'అబ్సిడియన్ బటర్‌ఫ్లై' అది. సలహా మంచిదే. అందులో జాన్-క్లాడ్ లేడు, ఇంకో ప్రేమికుడు రిచర్డ్ లేడు, సెయింట్ లూయిస్ కూడా లేదు. వ్యాంపైర్లు 'చావు' అని పిలిచే హంతకుడు ఎడ్వర్డ్ తనకు సాయం కావాలని పిలిస్తే అనీటా న్యూ మెక్సికో వెళ్తుంది. అక్కడ ఆసుపత్రిలో ఒళ్లంతా చర్మం ఒలిచేసినా ఇంకా చావని మనుషులున్నారు. వాళ్లను అలా చేసిందేమిటో తేలాలి. ఆమెకు ఊరు తెలియదు, అక్కడి పోలీసులు నమ్మరు, కూడబెట్టుకున్న బలం అంతగా పనికిరాదు. చావు అంచుదాకా వెళ్తుంది. కేసు మాత్రం ముగుస్తుంది. ఆ నెత్తుటి మధ్యలోనే ఇంకొకటి తెలుస్తుంది. ఎనిమిది పుస్తకాలుగా ఎవరికీ లొంగని ఎడ్వర్డ్‌కు అక్కడ వేరే పేరుంది, ఒక ఇల్లుంది. ఇద్దరు పిల్లలున్న డోనా అనే వితంతువుతో పెళ్లి నిశ్చయమైంది. అతను నటిస్తున్నాడా, నిజంగానే ఆ ఇంటివాడు అవుతున్నాడా అన్నది అనీటాకు అర్థం కాదు. చర్మం ఒలిచిన ఆ మనుషులకంటే ఆమెను ఎక్కువ కలవరపెట్టేది ఆ పిల్లలు అతన్ని చూసే చూపు.